ఈ బాణం ఎవరిది?

ఈ పొద్దున ఆఫీసులో మీటింగ్ గది బయట ఎవరో బూట్లను రెండుసార్లు నేలకేసి కొట్టారు. మంచు దులుపుకోవడానికి చలికాలంలో, అమెరికాలో మేముండే నోవైలో అందరూ చేసే పనే అది. అయినా ఆ చప్పుడు వినగానే నా నడుము దానంతటదే నిటారైంది, చేయి బల్ల మీద పెన్సిల్ కోసం తడుముకుంది. పార్కింగ్ లాట్‌లో చల్లిన ఉప్పు బూట్లకు అంటుకుని లోపలికొచ్చి కరిగితే ఒక వాసన వస్తుంది, తడిసిన సుద్దలాంటిది. ఆ వాసనతో పాటే ఒక తరగతి గది నా కళ్ల ముందుకొచ్చింది. ఆ గది బయట బూట్ల చప్పుడు రెండుసార్లు వినబడిందంటే లోపల అందరి నోళ్లూ మూతపడేవి, పెన్సిళ్లు బయటికొచ్చేవి. ఈరోజు తలుపు తీసుకుని వచ్చింది మా టెస్టింగ్ విభాగంలో పనిచేసే మనిషి. నేను ఎదురుచూసిన మనిషి ఇక రారు. అనసూయ మేడమ్ పోయిన అక్టోబరులో కన్నుమూశారు.

ఆమె సంతాప సభలో ఒకావిడ కాఫీ కప్పు పట్టుకుని మా పక్కనే నిలబడి, "పీహెచ్‌డీ దాకా చదివి, పాపం, చివరిదాకా కమ్యూనిటీ కాలేజీలోనే ఉండిపోయారండీ" అంది. ఆ 'పాపం' దగ్గర నాకు ఒళ్లు మండిపోయింది. అలాంటి చోట గొంతు పెంచకూడదు కనుక పళ్లు బిగించుకుని నిలబడ్డాను. ఆ మాటకు అక్కడ జవాబు దొరకకపోలేదు, కానీ చెప్పింది నేను కాదు. ఎవరు చెప్పారన్నది చివర్లో రాస్తాను. ముందు ఆమె ఎవరో తెలియాలి. అనసూయ మేడమ్‌ను ఎన్నడూ చూడనివాళ్లు కూడా ఆమె గురించి 'పాపం' అనకూడదన్న పంతంతోనే ఇది రాస్తున్నాను.

కమ్యూనిటీ కాలేజీ అంటే ఇక్కడ ఊరి పన్నులతో నడిచే చిన్న కాలేజీ. వచ్చినవాళ్లందరినీ చేర్చుకుంటుంది. హాస్టళ్లుండవు, ఫుట్‌బాల్ స్టేడియం ఉండదు, ఎటు చూసినా పార్కింగే. ఇంజనీరింగ్ మొదటి రెండేళ్ల పాఠాలు అక్కడ చదివి, మార్కులు బాగుంటే మూడో ఏడాదిలో యూనివర్సిటీకి మారిపోవచ్చు. ఇందులో దాచుకోవలసింది ఏముందని మీకు అనిపించవచ్చు. మా తెలుగువాళ్లలో మాత్రం పిల్లలు కమ్యూనిటీ కాలేజీలో చేరారంటే ఇంట్లో ఎవరికో ఆరోగ్యం బాగాలేదన్నట్టు గొంతు తగ్గించి చెబుతారు. మా ఇంట్లో అసలు చెప్పనే లేదు.

దానికి కారణం ఒక కేకు. నేను ఏడో తరగతి విజయవాడలో పూర్తిచేసి, నాన్న ఉద్యోగం కోసం అందరం వచ్చేస్తే, ఇక్కడే హైస్కూలు చదివాను. మా చుట్టుపక్కల ప్రతి తెలుగింటికీ ఒకటే గురి, గంట దూరంలో ఉన్న ఆ పెద్ద యూనివర్సిటీ. సీటు వచ్చినవాళ్లు ఇంటి ముందు గడ్డిలో దాని జెండా పాతుతారు. నాకు సీటు రాలేదు, వెయిట్‌లిస్ట్ వచ్చింది. అమ్మకు మాత్రం వచ్చేసినట్టే. ఆ నమ్మకంతో వేరేచోట వచ్చిన సీటు కూడా వదిలేశాం. హైస్కూలు అయిపోయినందుకు ఇక్కడ ఇచ్చే పార్టీ కోసం క్లబ్‌హౌస్ బుక్ చేసి, ఆ యూనివర్సిటీ నీలం, పసుపు రంగుల్లో పెద్ద కేకు ఆర్డర్ చేసింది అమ్మ. పార్టీ ఇంకో వారం ఉందనగా ఖాళీలు లేవని కబురొచ్చింది. ఇల్లంతా ఏడుపులు. ఆ ఏడుపుల్లో బేకరీకి ఫోన్ చేయడం అందరూ మరిచిపోయారు.

పార్టీ రోజు డబ్బా మూత తీసేసరికి యూనివర్సిటీ పేరు, కింద 'కంగ్రాట్స్ లాస్యా' అని నా పేరు. అమ్మ మూత మళ్లీ వేయబోయింది గానీ, అప్పటికే ఒక ఆంటీ చూసేసి చప్పట్లు మొదలుపెట్టింది. హాలంతా చప్పట్లు. మా అమ్మ అబద్ధం ఆడిందని నేను ఎప్పుడూ అనను. అబద్ధం ఆడింది కేకు. అమ్మ కాదనలేదు, అంతే. ఆగస్టులో నేను కమ్యూనిటీ కాలేజీలో చేరాను, ఊరందరి దృష్టిలో మాత్రం యూనివర్సిటీలో చేరాను. తెలుగు ఫంక్షన్లకు ఆ యూనివర్సిటీ పేరున్న స్వెట్‌షర్ట్ వేసుకుని వెళ్లేదాన్ని. "హాస్టల్లో తిండి ఎలా ఉందమ్మా?" అని ఎవరైనా అడిగితే అమ్మే ముందుకొచ్చి, "ఏం తింటారండీ పాపం, వీకెండ్‌కి ఇంటికొస్తే చాలు, అన్నం అన్నం అంటుంది" అనేది. నేను ఆరోజు మధ్యాహ్నం కూడా ఇంట్లో అన్నం తిన్నదాన్నే. వారం మధ్యలో ఇండియన్ స్టోర్‌కి వెళ్లడం నాకు నిషేధం, ఎవరైనా చూస్తారని. కొత్తిమీర అయిపోయినా శనివారం దాకా ఆగాల్సిందే. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం ఊపిరాడేది కాదు. ఓడిపోయానన్న బాధ కన్నా, ఓడిపోయిన మనిషిగా బతికే హక్కు కూడా నాకు లేదన్న కోపం ఎక్కువుండేది.

ఆ కోపంతోనే జనవరిలో స్టాటిక్స్ క్లాసులో కూర్చున్నాను. కదలకుండా నిలబడ్డ వస్తువుల మీద పనిచేసే బలాల లెక్క స్టాటిక్స్. వంతెన ఎందుకు కూలదు, నిచ్చెన ఎందుకు జారదు, అలాంటివి. బయట బూట్లు రెండుసార్లు మోగాయి. నూలు చీర మీద మోకాళ్ల దాకా కోటు, మెడకు మఫ్లర్, కాళ్లకు పొలాల్లో వేసుకునేంత బరువైన బూట్లు, అలా వచ్చారు ఆమె. బోర్డు మీద పేరు రాశారు. ముందు వరుసలో ఒకతను, "మిమ్మల్ని ప్రొఫెసర్ ఆనా అనొచ్చా, పలకడం తేలిగ్గా ఉంటుంది" అన్నాడు. ఆమె నవ్వకుండా, "నువ్వు మసాచూసెట్స్ అనగలవా?" అని అడిగారు. అనగలనన్నాడు. "అయితే అనసూయ కూడా అనగలవు. మొదలుపెట్టు." అతను అనేదాకా ఊరుకోలేదు. అతన్నే కాదు, క్లాసంతటి చేత అనిపించారు. నా పేరు ఎవరు ఎలా విరిచినా సరేననే అలవాటున్న నేను కళ్లప్పగించి చూశాను.

మొదటి లెక్క, గోడకు ఆనించిన నిచ్చెన. దాన్ని చుట్టూ ఉన్నవాటి నుంచి విడదీసి ఒంటరిగా గీయాలి, దాన్ని తాకుతున్నవి ఏవేవి దాన్ని ఎటు నెడుతున్నాయో బాణాలు వేయాలి. ఫ్రీ బాడీ డయాగ్రమ్ అంటారు. నేను చకచకా బాణాలు వేసేశాను. ఆమె బల్లల మధ్య నడుస్తూ నా దగ్గర ఆగారు. నా కాగితం మీద పేరు చూశారు, బొమ్మ చూశారు, వంగి నాకు మాత్రమే వినపడేలా తెలుగులో అడిగారు.

"ఈ బాణం ఎవరిది?"

కాలేజీలో తెలుగు వినపడటమంటే పట్టుబడటమే. తడబడుతూ, "నిచ్చెన జారిపోతుంది కదా ప్రొఫెసర్, అందుకని బయటివైపు వేశాను" అన్నాను.

"జారిపోతదని నీకు భయం. మంచిదే. కానీ దాన్ని అటు నెడుతున్నది ఎవరు? గోడనా, నేలనా, నువ్వా?"

"ఎవరూ కాదు."

"ఎవ్వరు నెట్టకుంటే బాణం ఏడికెళ్లి వచ్చింది బిడ్డా? తుడిచెయ్."

తుడిచాను. అప్పుడు ఆమె క్లాసంతటికీ ఇంగ్లీషులో ఆ నియమం చెప్పారు. ప్రతి బాణానికీ పేరుండాలి. ఎవరు, ఎవరిని నెడుతున్నారు? చెప్పగలిగితే గీయండి, చెప్పలేకపోతే అది బలం కాదు, మీ భయం. భయాన్ని లెక్కలో కలిపితే వచ్చే జవాబు తప్పే అవుతుంది. ఆ సెమిస్టర్ అంతా ఆమె ఎర్ర పెన్ను పట్టుకుని తిరుగుతూ అడిగిన ప్రశ్న అదొక్కటే. నా వెనక బల్లలో కర్టిస్ అని, కారు తలుపులు తయారుచేసే ప్లాంట్‌లో పనిచేసి వచ్చే పెద్ద మనిషి ఒకతను ఉండేవాడు. ఆమె దగ్గరికి వస్తుంటే చాలు, తనే రబ్బరు తీసుకుని అనుమానమున్న బాణాలన్నీ ముందే తుడిచేసేవాడు. "నిజమైనవి కూడా తుడిచేశావు, ఇప్పుడు నీ నిచ్చెన గాల్లో తేలుతోంది" అని ఆమె అంటే ఆ గదిలో నవ్వులు ఆగేవి కావు.

మెత్తని మనిషి అనుకోకండి. మొదటి పరీక్షలో ఒక లెక్కకు నాకు సున్నా వేశారు. జవాబు సరిగ్గా ఉంది, బొమ్మ లేదు. ఉక్రోషంతో ఆమె గదికి వెళ్లాను. ఆమె టిఫిన్ డబ్బా తెరిచి సర్వపిండి తింటున్నారు. వరంగల్‌వాళ్ల వంటకమట, బియ్యప్పిండిలో శనగపప్పు, నువ్వులు వేసి గిన్నెకు ఒత్తి కాల్చింది. ఒక ముక్క తుంచి నా ముందు పెట్టి, కాగితం అందుకున్నారు.

"జవాబు కరెక్టే కదా మేడమ్?" అన్నాను.

"కరెక్టే. ఎట్ల వచ్చిందో చెప్పు."

చెప్పలేకపోయాను. సూత్రం గుర్తుంది, అంకెలు పడేశాను, వచ్చేసింది.

"రేపు నువ్వు చేసిన బ్రేకు మీద కాలు పెట్టేటోడికి ఇదే చెప్తవా? వచ్చేసిందని?" కాగితం తిరిగి ఇచ్చేశారు. "సున్నా సున్నానే. సర్వపిండి తిను, చల్లారుతది."

నేను మార్కుల కోసం ఏడవలేదు గానీ, ఆరోజు ఇంకో ప్రశ్న అడిగాను. అప్పటికి ఆమె గురించి కొంత తెలుసు. కార్ల కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరుగా పనిచేశారని, యూనివర్సిటీలో చెప్పమని పిలిచినా వెళ్లలేదని. "ఇక్కడెందుకు ఉండిపోయారు మేడమ్?" అన్నాను. నా గొంతులో కూడా ఆ 'పాపం' ఉండే ఉంటుంది. ఆమె డబ్బా మూత టప్పున వేశారు.

"ఉండిపోలే. ఉన్న. రెంటికీ చానా తేడా ఉంది. వాళ్లు పిల్లల్ని ఏరుకుంటరు. ఏరుకున్నోళ్లను గెలిపిస్తరు. దాంట్ల నా గొప్పేముంది? ఇక్కడ తలుపు తీసుకుని ఎవరొచ్చినా నా పిల్లలే. కర్టిస్ నా పిల్లగాడే, నువ్వు నా బిడ్డవే. మీరు నిలబడితే అది నా పని. నాకు గిదే ఇష్టం. ఇష్టమైన పని చేసుకుంటుంటే ఎందుకున్నవని అడుగుతరేంది అందరు?"

నేను అప్పటిదాకా ఎవరూ అలా మాట్లాడగా వినలేదు. మా చుట్టూ అందరూ తాము ఉన్నచోటు గురించి సంజాయిషీ ఇస్తూనే ఉంటారు. ఈ ఉద్యోగం తాత్కాలికం, ఈ ఇల్లు తాత్కాలికం, పిల్ల అక్కడ చదువుతోంది గానీ నిజానికి ఇంకోచోట చదవాల్సింది. ఈమె ఒక్కరే, నేనున్నచోటే నా చోటు అన్నారు. ఆ గదిలోంచి బయటికొచ్చేటప్పుడు, కాలేజీలో చేరాక మొదటిసారి, నేను తలదించుకుని నడవలేదు.

ఉగాదికి తెలుగువాళ్లంతా ఒక స్కూలు హాల్లో చేరారు. పచ్చడి గిన్నె దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డది అనసూయ మేడమ్. నన్ను చూసి, "లెక్కలు చేసినవా?" అన్నారు మామూలుగా. పక్కన అమ్మ ముఖంలో రంగు మారింది. మా అమ్మ సుజాత అని, ఈమె మా మేడమ్ అని నేను చెప్పగానే అమ్మ నన్నూ లాక్కుని, కోట్లు తగిలించే నడవాలోకి ఆమెను పిలుచుకుపోయింది.

"అనసూయ గారూ, మీరేమీ అనుకోకపోతే ఒక మాట. మా అమ్మాయి మీకు తెలియనట్టే ఉండండి. మీ దగ్గర చదువుతోందని ఇక్కడెవరికీ తెలియదు."

"తెలిస్తే ఏమైతది సుజాత గారూ?"

"మీకు తెలియందేముందండీ. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. తలెత్తుకోలేం."

"ఎవరా నలుగురు? పేర్లు చెప్పండి. నేనే పోయి మాట్లాడత."

అమ్మ నోరు తెరిచింది. ఒక్క పేరు కూడా రాలేదు. హాల్లోంచి ఉగాది పాటలు వినపడుతున్నాయి, మా పైన తడి కోట్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. చివరికి అమ్మ చేతులు పట్టుకుని బతిమాలుతుంటే మేడమ్ మెత్తబడ్డారు. "నేను అబద్ధం ఆడను. కానీ నన్నడగందే చెప్పను. చెప్పాల్సింది నేను కాదు." ఆ చివరి మాట అంటూ అమ్మ వైపు కాదు, నా వైపు చూశారు.

తర్వాతి క్లాసులో నేను ఉత్సాహం పట్టలేక, "మేడమ్, నలుగురేమనుకుంటారో అన్నది కూడా పేరు లేని బాణమే కదా!" అన్నాను, ఏదో గొప్పది కనిపెట్టినట్టు. ఆమె కళ్లద్దాల మీదుగా చూశారు. "స్టాటిక్స్‌ను స్టాటిక్స్ లెక్కనే ఉండనియ్. వేదాంతం చెప్పాల్నంటే గుళ్లో కూసుంట గదా, పొద్దుగాల మంచుల గింత దూరం ఎందుకొస్త? మూడో లెక్క చెయ్." ముఖం మాడ్చుకుని చేశాను. తప్పు వచ్చింది. మళ్లీ చేశాను.

మరుసటి ఏడాది ఆమె దగ్గరే కదిలే వస్తువుల లెక్క డైనమిక్స్, ఇంకా లోహాల బలం గురించిన పాఠాలు చదివాను. ఆ ఏడాది వసంతంలో, ఏ యూనివర్సిటీ నన్ను వద్దందో అదే యూనివర్సిటీ మెకానికల్ ఇంజనీరింగ్ మూడో ఏడాదికి సీటు ఇచ్చింది. మొదట మేడమ్‌కే ఫోన్ చేశాను. "మంచిది. లెక్కలు మానకు" అన్నారు. ఆ తర్వాత ముక్కు చీదిన చప్పుడు వినపడింది. జలుబన్నారు.

ఇంట్లో అమ్మ సంతోషం చెప్పలేను. దేవుడి దగ్గర దీపం పెట్టింది, నన్ను పట్టుకుని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని తేలికపడ్డ గొంతుతో అంది, "అమ్మయ్య. ఇంక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు లాస్యా. అందరికీ నువ్వు అక్కడే థర్డ్ ఇయర్. నిజంగానే థర్డ్ ఇయర్. సరిపోయింది." అమ్మ అన్నది అక్షరాలా నిజం. అబద్ధం మీద అబద్ధం చెప్పాల్సిన పని లేదు, ఊరుకుంటే చాలు. ఆ రెండేళ్లూ లేనట్టే అయిపోతాయి. సున్నా వేసిన కాగితం, సర్వపిండి, కర్టిస్ గాల్లో తేలిన నిచ్చెన, అన్నీ. ఈ సీటు నాకు ఇప్పించిన మనిషి నా బతుకులో ఎక్కడా లేనట్టే. అది తట్టగానే నా సంతోషం కాస్తా ఇంకిపోయింది.

మొక్కు తీర్చుకోవడానికి అమ్మ సత్యనారాయణ వ్రతం పెట్టుకుంది. సత్యానికి పేరుపడ్డ దేవుడి పీట ముందు మా ఇంటి కథ ఎలా నడుస్తుందో చూద్దామనిపించింది నాకు. వాట్సాప్‌లో అందరికీ పిలుపులు వెళ్లాయి, ఒక్క అనసూయ మేడమ్‌కు తప్ప. నేను ఫోన్ చేసి పిలిచాను. "మీ అమ్మకు తెలుసా?" అని అడిగారు. తెలియదన్నాను. "వస్త" అన్నారు.

కథ అయింది, ప్రసాదాలు పంచుతున్నారు. మేడమ్ గోడ పక్కన కుర్చీలో కూర్చుని విస్తరాకు ప్లేటులో పులిహోర తింటున్నారు. ఆమెను చూసిన దగ్గర్నుంచి అమ్మ ఆమె ఉన్నవైపు రావడమే మానేసింది. పార్టీ రోజు చప్పట్లు మొదలుపెట్టిన ఆంటీయే నా దగ్గరికొచ్చి కూర్చుంది. ఆమెది మంచి మనసు, నోరే కాస్త పెద్దది. "లాస్యా, మా వాడు ఈ ఆగస్టులో మీ యూనివర్సిటీలోనే జాయిన్ అవుతున్నాడు కదా. స్టాటిక్స్ అంటే వాడికి హడల్. నువ్వు ఏ ప్రొఫెసర్ దగ్గర తీసుకున్నావ్? పేరు చెప్పమ్మా, రిజిస్టర్ చేయిస్తాను."

పేరు చెప్పమంది. గది ఆ చివర నుంచి అమ్మ నా వైపే చూస్తోంది. వద్దు, వద్దు అంటోంది ఆ చూపు. "గుర్తులేదాంటీ" అంటే అయిపోయేది. ఎవరికీ నష్టం లేదు. ఒక్క మనిషిని చెరిపేయాలి, అంతే. మేడమ్ తల వంచుకుని పులిహోర తింటూనే ఉన్నారు. సాయం చేయడానికి ఒక్క చూపు కూడా చూడలేదు. నా లెక్క నేనే చేయాలన్నట్టు.

"అనసూయ మేడమ్ దగ్గర ఆంటీ. అదిగో, అక్కడ కూర్చున్నారు."

"అవునా! మీరు యూనివర్సిటీలో చెబుతారా అండీ?" అంది ఆంటీ, గది మొత్తానికీ వినపడేలా.

మేడమ్ నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టారు. "నేను యాడ చెప్తనో నా స్టూడెంట్ చెప్తది" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు. "మేడమ్ కమ్యూనిటీ కాలేజీలో చెబుతారు ఆంటీ. నేను అక్కడే చదివాను, రెండేళ్లూ. యూనివర్సిటీలో నాకు మొదట సీటు రాలేదు. ఇప్పుడు వచ్చింది. వచ్చింది ఈమె వల్ల." అక్కడితో ఆగలేదు. "ఆ కేకు కబురు రాకముందే ఆర్డర్ ఇచ్చినది."

కేకు మాటకు ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మ వంటగదిలోకి వెళ్లిపోయింది. ఆకాశం ఏమీ విరిగి పడలేదు. పెద్దాయనొకరు "మజ్జిగ ఉందామ్మా?" అని అడిగారు, ఎవరో తెచ్చిచ్చారు, మాటలు మళ్లీ మొదలయ్యాయి. మేడమ్ వెళ్లేటప్పుడు, చెప్పులు విడిచే చోట ఆ ఆంటీయే ఆమెను పట్టుకుని నిలబడటం చూశాను. పెద్ద నోరున్న మనిషి గుసగుసలాడుతోంది. "మా పెద్దమ్మాయి ఫస్ట్ ఇయర్‌లోనే చదువు వదిలేసి ఇంట్లోనే ఉంటోందండీ. ఎవరికీ చెప్పలేదు. మీ కాలేజీలో... చేర్చుకుంటారా?" మేడమ్ ఆమె భుజం మీద చేయి వేసి, "మేము ఎవర్ని కాదంటమమ్మా? రేపు పంపియ్" అన్నారు.

అమ్మ చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అన్నం పెట్టేది, తలుపు వేసుకునేది. నేను గెలిచాననుకున్నాను గానీ, ఆ మౌనం నన్ను నమిలేసింది. మేడమ్ దగ్గరికి వెళ్లి కూర్చుని, "అమ్మ బాణం కూడా తుడిచేయాలా మేడమ్?" అని అడిగాను. వేదాంతం వద్దని కసురుతారనుకున్నాను. ఆమె కసరలేదు.

"ఒక్కసారికే చెప్తున్న, మళ్ల అడగకు. నిచ్చెన బొమ్మల అన్నిటికన్నా ముందు ఏం గీస్తం?"

"బరువు."

"అది దేన్నన్న తాకుతదా?"

"తాకదు. తాకకుండానే లాగుతుంది."

"మీ అమ్మ గట్ల. నలుగుర్ని తుడిచెయ్యొచ్చు, అమ్మను తుడవలేవు. తుడవద్దు కూడా. బరువు లేకపోతే నిచ్చెనకు నేల మీద పట్టుండదు. ఆమెను లెక్కల పెట్టుకునే నిలబడు."

యూనివర్సిటీలో మొదటి వారమే ఒకడు, "ఓ, నువ్వు వేరే కాలేజీ నుంచి వచ్చిన ట్రాన్స్‌ఫరా?" అన్నాడు, నా కుర్చీ మీద ఇంకెవరి పేరో ఉన్నట్టు. "అవును, స్టాటిక్స్ నీకన్నా బాగా వచ్చు" అన్నాను. నిజంగానే వచ్చు. అక్కడ వందలమందితో నిండిన హాల్లో పాఠాలు విన్నాను, మంచి ప్రొఫెసర్లే. కానీ బల్ల దగ్గరికొచ్చి, నా కాగితం మీదికి వంగి, ఈ బాణం ఎవరిదని అడిగినవాళ్లు లేరు. ఈరోజు నేను బ్రేకుల విడిభాగాలు డిజైన్ చేస్తాను. డ్రాయింగ్ మీద సంతకం చేసి పంపేముందు నాలో నేను ఆ ప్రశ్న అడగకుండా ఒక్కటీ పంపలేదు.

ఇక సంతాప సభ. ఆవిడ 'పాపం' అన్నప్పుడు నేను పళ్లు బిగించుకుని నిలబడ్డానన్నాను కదా. నా పక్కన అమ్మ ఉంది. వ్రతం నాటి కోపం ఎప్పుడు కరిగిందో అమ్మ నాకెన్నడూ చెప్పలేదు. కానీ మేడమ్ జబ్బుపడ్డాక వారం వారం కారు తీసుకుని చారన్నం పట్టుకెళ్లింది అమ్మే. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారో నాకు తెలియదు. అమ్మ కాఫీ కప్పు బల్ల మీద పెట్టి ఆవిడ వైపు తిరిగింది.

"పాపమని ఎవరన్నారండీ?"

"అంటే... అందరూ అనుకునేదే కదండీ."

"అందరూ అంటే ఎవరు? పేర్లు చెప్పండి."

ఆవిడ నోరు తెరిచింది. ఒక్క పేరు కూడా రాలేదు. అమ్మ కదల్లేదు, చూపు తిప్పుకోలేదు, జవాబు కోసం అలాగే ఎదురుచూసింది. ఒకప్పుడు నడవాలో తడి కోట్ల కింద ఇదే ప్రశ్నకు జవాబు దొరకక చేతులు పట్టుకుని బతిమాలిన మనిషి. ఆవిడ తప్పుకుని వెళ్లాక అమ్మ నా వైపు తిరిగి, ఏమీ జరగనట్టు, "మా అమ్మాయిని చదివించిన మనిషిని పట్టుకుని పాపమంటుందేమిటి" అంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు.

ఎక్కడ చదివావని ఎవరైనా అడిగితే నేను ముందు మా కాలేజీ పేరు చెబుతాను, తర్వాతే యూనివర్సిటీ పేరు. మొదటి పేరు వినగానే కొందరి ముఖం మారుతుంది. మారనిస్తాను.